చేతులు కుదురుగా ఉండాలంటే ముందు తుంటి వదులు కావాలి

ఆరు నెలలుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నానని, నడకలో బాగానే ఉన్నా ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య ఉండే పరుగు) మొదలవగానే చేతులు ఎగిరిపడుతున్నాయని, ‘చేతులు కదలనీయకు’ అని మాస్టారు ఎంత చెప్పినా కుదరడం లేదని, ఏం చేయాలని మీరు అడిగారు. నాదీ సరిగ్గా ఇదే బాధ. జడ్చర్ల దగ్గర తెలిసినవాళ్ల చెల్కలో ఒక ఆడగుర్రం మీద నేర్చుకున్నాను. పిడికిళ్లు బిగబట్టి కూర్చునేవాణ్ణి. అది తల పైకెత్తి నోరు తెరిచేది.

ఒకరోజు దాన్ని సాకే చాచా దాని కింది పెదవి పక్కకు జరిపి చూపించాడు. ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య ఖాళీ. “గీడ పళ్లు లేవు బిడ్డా. కళ్లెం ఇనుము గీ ఎముక మీదనే ఆనుతది. నువ్వు ఎగిరినప్పుడల్లా దీనికి దెబ్బనే” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు చేతుల్లో లేదు, తుంటిలో ఉంది. ట్రాట్‌లో ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ, తర్వాత ముందు ఎడమ, వెనక కుడి ఇలా జంటగా పడతాయి. జంట మారినప్పుడల్లా గుర్రం వీపు మనల్ని పైకి తోస్తుంది. ఆ కుదుపును తుంటి, మోకాళ్లు, చీలమండలు తీసుకోవాలి. అవి బిగుసుకుంటే కుదుపు భుజాలకెక్కి, అక్కణ్ణుంచి పగ్గాల్లోకి దిగుతుంది. బోనం ఎత్తుకొని నడిచే ఆడవాళ్లను చూడండి. నడుము కదులుతుంది కాబట్టే నెత్తిమీద కుండ కదలదు.

ఇంకోటి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. చేయి కుదురుగా ఉండాల్సింది గుర్రం నోటితో పోల్చి చూసినప్పుడు. మన ఒంటితోపాటు లేచి పడితే అది కుదురు కాదు. రైజింగ్ ట్రాట్‌లో, అంటే కుదుపుకు తగ్గట్టు జీను మీద లేస్తూ కూర్చుంటూ సాగే ట్రాట్‌లో, లేచినప్పుడు మోచేయి తెరుచుకోవాలి, కూర్చున్నప్పుడు ముడుచుకోవాలి, పిడికిలి జీను ముందు ఉన్నచోటే ఉండాలి. నడకలోనూ దౌడులోనూ గుర్రం తల ఊపుతుంది, కాబట్టి అక్కడ చేతులు ఆ ఊపుతో పోవాలి.

చాచా నా చేతిలోంచి పగ్గాలే తీసేసుకున్నాడు. గుర్రానికి పొడవాటి తాడు కట్టి తన చుట్టూ తిప్పాడు. మొదట నడకలో, పాదాలు పెట్టుకునే రికాబులు వదిలేసి, చేతులు పక్కలకు చాచి. కొన్ని రోజులయ్యాక ట్రాట్‌లో. తర్వాత గుర్రం మెడకు వదులుగా ఒక నూలుతాడు కట్టి, పగ్గాలతోపాటు దాన్ని చిటికెనవేలితో పట్టుకోమన్నాడు. ఒళ్లు తూలితే ఆ తాడు మీద బరువు పడుతుంది, నోటి మీద పడదు. మీరు ఇంకేం చేయకపోయినా ఈ తాడొక్కటి రేపే కట్టండి.

కూర్చునే తీరు: చెవి, భుజం, తుంటి, మడమ ఒక నిలువు గీతలో. చూపు గుర్రం చెవుల మీదుగా దూరంగా. మెడ వంక చూస్తే వీపు వంగిపోతుంది. బొటనవేళ్లు పైకి. పక్కనుంచి చూస్తే మోచేయి నుంచి కళ్లెం దాకా తిన్నని గీత కనిపించాలి.

మన దగ్గర చాలామంది బరాత్ గుర్రాల మీదే మొదలుపెడతారు. ఎక్కే ముందు కళ్లెం తీసి చూడండి. ముళ్ల కళ్లెం వాడకూడదని బళ్లు లాగే, బరువులు మోసే జంతువుల కోసం పెట్టిన 1965 నాటి ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది, అయినా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అది ఉంటే ఎక్కకండి, నున్నటిది వేయమని అడగండి.

నాకు మూడు నెలలు పట్టింది. ఒక పొద్దున ట్రాట్‌లో ఆ గుర్రం మొదటిసారి మెడ కిందికి వదిలి, కళ్లెం నెమ్మదిగా నమిలింది. చాచా ఏమీ అనలేదు, తన చేతిలోని ఆ పొడవాటి తాడును గుర్రం నుంచి విప్పేశాడు.