పుర్రచేతి కథకు జవాబు

అమ్మాయ్,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి మొదలుపెట్టి, నాలుగో పేజీ దగ్గర ఆపేసి ఈ ఉత్తరానికి కూర్చున్నాను. నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. మా అమ్మాయి కంటే చిన్నదానివి, పైగా నేనిప్పుడు కోపంగా ఉన్నాను.

నాలుగో పేజీలో ఏం రాశావో ఒకసారి చూసుకో. "అతను గిటార్‌ని ఒళ్లోకి తీసుకుని, ఎడమచేతి వేళ్లు మెట్ల మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు." ఎడమచెయ్యా? మొదటి పేజీ నుంచీ చెబుతూనే ఉన్నావు కదమ్మా, మీవాడిది, అదే నీ కథానాయకుడిది, పుర్రచేతివాటమని, పుర్రచేతి బేస్ గిటార్ (మంద్రస్వరాలు పలికే గిటార్) దొరక్క రెండేళ్లు ఊరంతా తిరిగాడని, సికిందరాబాద్ కొట్టువాడు "ఉన్నదాన్నే తిప్పి పట్టుకో బాబూ" అని నవ్వాడని. ఎడమచెయ్యి మెట్ల మీద, అంటే మెడకి అడ్డంగా దిగేసిన లోహపు కడ్డీల మీద, ఉండేది కుడిచేతివాటం వాళ్లకి. మీవాడిది అద్దంలో బొమ్మ. కుడిచేతి వేళ్లు మెడ మీద నడవాలి, ఎడమచెయ్యి తీగ మీటాలి. కథంతా ఏ చేతి మీద నిలబడిందో ఆ చెయ్యే తారుమారైపోయింది. దీన్ని అచ్చుతప్పు అనుకోలేను. ఆ గిటార్ నువ్వు పట్టుకోలేదు. పట్టుకున్నవాళ్ల పక్కన పావుగంట కూర్చోలేదు కూడా.

పోనీలే అని కాగితాలు పక్కన పడేద్దామంటే, డబ్బిచ్చే చోటు ఒకటి రాశావు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో అమ్మేవాడి తల్లి గుమ్మం పక్కన నిలబడి ఉంటుంది. మీవాడు అలవాటుకొద్దీ ఎడమచేత్తో నోట్లు చాపుతాడు. "కుడిచేత్తో ఇవ్వు నాయనా, లక్ష్మి" అంటుందావిడ. వాడు నోట్లు కుడిచేతిలోకి మార్చుకుని ఇస్తాడు. అక్కడ ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు నువ్వు. బాగుంది. ఫోన్‌పే రోజుల్లో నోట్లేమిటని ఎవడో ఒకడు అడుగుతాడు, అడగనీ.

అంత మంచి వాక్యం రాయగలిగినదానివి, దానికి ముందు జరగాల్సింది ఎందుకు మింగేశావు? రాయదుర్గం నుంచి మెట్టుగూడ దాకా మెట్రో ప్రయాణం పేజీన్నర. విడిపోయిన అమ్మాయి జ్ఞాపకాలు రెండు పేజీలు. రెండేళ్లు వెతికిన గిటార్ ఎదురుగా కనబడ్డాక మాత్రం రెండే వాక్యాలు: "వాయించి చూశాడు. నచ్చింది." పెళ్లిచూపుల్లో కూడా పిల్లాడు ఇంతకంటే ఎక్కువసేపు కూర్చుంటాడు!

నాకున్నది ఒక్కటే పట్టుదల, నలభై ఏళ్లుగా అదే చెప్పి నలుగురిలో చెడ్డపేరు తెచ్చుకున్నాను. చేతులు చేసే పని వరసగా రాయి. ఏది ముందు, ఏది తర్వాత, ఎంతసేపు. మనసు గురించి నువ్వు రాయక్కర్లేదు, ఆ పనిలోంచే కనబడుతుంది.

ఆ అరగంట మీవాడు ఏం చేసి ఉండాలో చెప్తాను, విను. పుర్రచేతి గిటార్ అని చెప్పి అమ్మేవాటిలో కొన్ని కుడిచేతివే, తీగలు వరస మార్చి బిగించి ఉంటారు. అది కనిపెట్టడానికి వాయించక్కర్లేదు. వాయించేవాడు తలవంచి చూస్తే మూడో మెట్టు, ఐదో మెట్టు, ఏడో మెట్టు గుర్తుపట్టడానికి మెడ అంచున చిన్న చుక్కలుంటాయి. అవి వాడి కంటికి ఎదురుగా ఉంటే అసలు పుర్రచేతిది. నేలచూపులు చూస్తుంటే తిరగేసినది. రెండేళ్లు వెతికినవాడు పెట్టె మూత తీయగానే ముందు ఆ చుక్కల కోసం చూస్తాడా, చూడడా? రంగు ఎలా ఉందో ఆ తర్వాత సంగతి. నువ్వేమో "సూర్యాస్తమయం లాంటి వన్నె" అంటూ ఆరు వాక్యాలు రాశావు.

తర్వాత మెడ. గిటార్‌ని తుపాకీలా ఎత్తి, ఒక కన్ను మూసి, మెడ పొడుగునా చూడాలి, మెలి తిరిగిందేమోనని. లావు తీగని మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, చివరి మెట్టు దగ్గర ఇంకో చేత్తో అదిమితే, మధ్యలో ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర తీగకీ మెట్టుకీ మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత సందు కనబడాలి. అసలు సందే లేకపోతే తీగ గరగరలాడుతుంది, మరీ ఎక్కువుంటే వేళ్లు నొప్పెడతాయి. మెడ పక్కన బొటనవేలు రుద్దుకుంటూ పోవాలి. మన ఊరి ఏప్రిల్ ఎండకి కర్ర ఎండి కుంచించుకుపోతుంది, మెట్ల లోహం కుంచించుకోదు, దాంతో వాటి కొసలు బయటికొచ్చి రంపంలా గీరతాయి. (మెట్లు దిగేసిన ఆ నల్లపలక చాలా గిటార్లకి మన అడవుల జిట్టేగి కర్రే, అదే రోజ్‌వుడ్. నీ కథలోది జపాన్ గిటార్ కదా, జపాన్ వెళ్లొచ్చిన మన చెట్టు హైదరాబాద్ ఎండకి ఎండుతోందని రాస్తే నీ సూర్యాస్తమయం కంటే నయం కాదూ?)

ఆపైన వాయింపు. నువ్వు రాసిన జాజ్ బేస్‌కి (అదొక బేస్ గిటార్ నమూనా పేరు) తీగలు నాలుగు, మెట్లు 20. అంటే 80 చోట్లు. పాటలు కాదు, ఒక్కో చోటా ఒక్కో స్వరం మీటి అది పూర్తిగా ఆరేదాకా వినాలి. సన్నతీగ మీద ఐదో మెట్టుకీ ఏడో మెట్టుకీ మధ్య ఎక్కడో ఒకచోట స్వరం మాత్రం త్వరగా చచ్చిపోతుంది. ఈ రకం గిటార్లలో అది మామూలే. ఎంత త్వరగా అన్నదే చూసుకోవాలి. ఇదంతా యాంప్ (శబ్దం పెంచే యంత్రం) పెట్టకుండా, గిటార్ ఒంటిని కడుపుకి ఆనించుకుని చెయ్యాలి. బేస్ చెవికి కాక ముందు పొట్టకి వినబడుతుంది.

ఇప్పుడు యాంప్. జాజ్ బేస్‌కి పికప్‌లు (తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టలు) రెండు, వాల్యూమ్‌లు రెండు. ఆ రెండు పికప్‌ల తీగచుట్లు ఒకదానికొకటి ఎదురు, అందుకే రెండూ పూర్తిగా తెరిస్తే కరెంటు మోత ఉండదు. ఒకటి తగ్గించగానే గుంయ్‌మంటుంది. కొనేవాడు తెలియనివాడైతే పాడైపోయిందని కంగారుపడతాడు, తెలిసినవాడైతే చిన్నగా నవ్వుకుంటాడు. ఎర్తింగు సరిగా లేని పాత క్వార్టర్స్‌లో ఆ మోత ఇంకా ఎక్కువ, తీగ మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది. ఇంకో ముచ్చట చెప్పనా? మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. బేస్ లావుతీగ మీద మూడో మెట్టు దగ్గర పలికే జి స్వరం 49. అంటే ఆ ఇంటి వైరింగే ఇంచుమించు జి శ్రుతిలో మూలుగుతూ ఉంటుంది. నీ కథకి శబ్దం కావాలంటే అది అక్కడే ఉంది, గోడలో.

ఇదంతా వేరేవాళ్ల ఇంట్లో జరుగుతుంది, అదమ్మా నువ్వు వదిలేసిన కథ. తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మేవాడు అరచేతులు తొడలకి రాసుకుంటున్నాడు. ఈ పరాయి పిల్లాడు వాళ్ల వస్తువుని 80 చోట్ల నొక్కి అనుమానంగా వింటున్నాడు. నలభయ్యో స్వరం దగ్గర వాడికి సిగ్గేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఎడమచేత్తో ప్రసాదం పట్టొద్దని, ఎడమచేత్తో పుస్తకం ఇవ్వొద్దని చెప్పించుకున్నవాడు, ఆ చేతికోసమే చేసిన వస్తువుని మొదటిసారి పట్టుకుని, ఆ చేత్తోనే ఒక పెద్దావిడ ఎదురుగా మీటుతున్నాడు. ఆపేద్దామా, 80 పూర్తిచేద్దామా? అది తేలాక ఆవిడ "కుడిచేత్తో ఇవ్వు" అంటే ఆ మాట ఎక్కడ తగులుతుందో ఆలోచించు.

మొహమాటం సంగతి నాకెలా తెలుసంటావా? 1986లో నేను సికిందరాబాద్‌లో ఒక ఆర్కెస్ట్రాకి బేస్ వాయించేవాణ్ని. వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్లు. ఇళయరాజా పాట వస్తే ఆ అయిదు నిమిషాలూ మాది, మిగతా రాత్రంతా మేమున్నామని కూడా ఎవరికీ తెలియదు. గిటార్ ఆర్కెస్ట్రావాళ్లది. సొంతది కొనుక్కుందామని చీటీ పాడి 1,800 ఎత్తాను. లాలాగూడలో ఒకాయన దగ్గర బేస్ ఉందంటే సాయంత్రం పరిగెత్తాను. నేను వెళ్లేసరికి కరెంటు కోత. కొవ్వొత్తి వెలుగులో వాయించాను, చెక్క బాగానే పలికింది. "కరెంటొచ్చాక యాంప్‌లో పెట్టి చూసుకో, కూర్చో" అన్నాడాయన, పాపం. కానీ లోపల కంచాలు పెడుతున్న చప్పుడు వినబడింది. భోజనాల వేళ పరాయి ఇంట్లో ఎలా కూర్చుంటాం? "పర్లేదండీ" అని డబ్బు చేతిలో పెట్టి, దుప్పట్లో చుట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే మెడవైపు పికప్ చచ్చిపోయి ఉంది. బాగుచేయించే డబ్బు లేదు. నాలుగేళ్లు ఒక్క పికప్‌తోనే, గుంయ్‌మనే మోతతోనే వాయించాను. మా డ్రమ్మరు నన్ను తుమ్మెద అనేవాడు.

ఆ రాత్రి సంగతి తర్వాత కథ రాశాను. కొవ్వొత్తి, కంచాల చప్పుడు, చచ్చిన పికప్, అన్నీ. ఒక వారపత్రిక ఎడిటరు గారు తిప్పి పంపారు: స్క్రూల వివరాలు తగ్గించి ప్రేమ పాలు పెంచమన్నారు. పెంచాను. ఇంటాయనకి ఒక కూతుర్ని పెట్టాను, కొవ్వొత్తి ఆమె చేతికిచ్చాను. వెంటనే వేశారు. పత్రిక తెరిచి చూస్తే బొమ్మలో గిటార్‌కి ఆరు తీగలు! బేస్ గిటార్ కథకి! ఆ పిల్ల మాత్రం చాలా అందంగా ఉంది. ఆయనతో నేను మళ్లీ మాట్లాడలేదు, ఆయనకి ఆ సంగతి తెలియను కూడా తెలియదనుకో. ఇప్పుడు కాలం మారిందంటారు. ఏం మారింది? ఆయన ప్రేమ పాలు అడిగితే ఇప్పటివాళ్లు "ఫీల్" అడుగుతున్నారు.

కొసమెరుపు కూడా ఆ జబ్బే. నీ చివరి పేజీలో మీవాడు ఇంటికొచ్చి గిటార్ వెనక మూత విప్పితే లోపల ఆ పాత అమ్మాయి పేరు చెక్కి ఉంటుంది. అమ్మాయ్, మామూలు జాజ్ బేస్‌కి వెనక విప్పే మూతే ఉండదు. వైర్లు, వాల్యూములు అన్నీ ముందువైపు లోహపు పలక కింద ఉంటాయి. వెనక ఉండేది మెడని బిగించిన నాలుగు స్క్రూల పలక ఒక్కటే. ఒక్కసారి తిప్పి చూసి ఉంటే ఆ ముగింపు నీకు తట్టేదే కాదు. తీసెయ్.

బీటిల్స్ బృందంలో బేస్ వాయించిన పాల్ మెకార్ట్‌నీ పేరా కూడా సగం తీసెయ్. ఆయన బేస్‌ని 1972లో దొంగలెత్తుకుపోయారని, యాభై ఏళ్లు దాటాక దొరికి 2024లో ఆ వార్త బయటికొచ్చిందని అందరూ చదివారు. ఉంచాల్సింది ఇంకోటుంది. 1961లో హాంబర్గ్‌లో ఆయన వయొలిన్ ఆకారపు హాఫ్నర్ కంపెనీ బేస్‌ని ఎంచుకోవడానికి ఒక కారణం, అది రెండువైపులా ఒకేలా ఉండటం, ఎడమచేతివాడు పట్టుకున్నా తలకిందులుగా కనబడకపోవడం. అంతటివాడికీ నలుగురిలో ఎలా కనబడతానోనన్న బెంగ ఉంది. మీవాడు మెట్టుగూడ వెళ్లే దారిలో ఈ ఒక్కటి తలుచుకుంటే చాలు, స్టేషన్ల పేర్లన్నీ వద్దు.

పోటీకి పంపొచ్చా అని అడిగావు. పోటీల గురించి నన్నడక్కు, ఇంకో నాలుగు పేజీలవుతుంది. కలం పేరు సంగతి కూడా ఏదో అడిగినట్టున్నావు.

ముందు ఆ అరగంట రాసుకురా. మా చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకి రెండు సందుల అవతల, నా పాత స్నేహితుడి కొడుకు ఉన్నాడు, వాడిదీ పుర్రచెయ్యే, వాడి దగ్గర పుర్రచేతి బేస్ ఉంది. జపాన్‌ది కాదు, ఏదో చవకది. ఆదివారం పదింటికి వస్తే నిన్ను తీసుకెళ్తాను. 80 చోట్లూ నువ్వే నొక్కాలి, వాళ్లమ్మగారు చూస్తుండగా. టిఫిన్ పెడతారు, మొహమాటపడకు. వచ్చేటప్పుడు గిటార్ కేబుల్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి పట్టుకురా. వాళ్ల దగ్గరున్నది ఒక చివర వేలితో నొక్కి పట్టుకుంటేనే పలుకుతుంది, ఆ పని చేయడానికి నాకు కూర్చునే ఓపిక లేదు.

ఆశీస్సులతో,
మీ తుమ్మెద మాస్టారు