ఎరుపు ఆరిపోతే తెలుపు ఉండదు

ప్రశ్న: చీకట్లో మెరిసే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొడులను ఎపాక్సీలో కలిపి మెట్ల అంచులకు పట్టీలు వేశాను. లైటు తీయగానే తెల్లగా కనిపిస్తున్నాయి గానీ, పది నిమిషాలకే ఆకుపచ్చకు తిరుగుతున్నాయి. పాళ్లు ఎలా మార్చాలి?

జవాబు: పాళ్లు మార్చి లాభం లేదు. ఆ మూడు పొడులూ మూడు వేగాలతో ఆరిపోతాయి. ఆకుపచ్చది స్ట్రాన్షియం అల్యూమినేట్. అందులో వెలిగేది యూరోపియం అనే లోహం. డిస్ప్రోసియం అనే మరో లోహాన్ని చేర్చడం వల్ల శక్తి లోపల చిక్కుకుని, గది వేడికే కొద్దికొద్దిగా బయటికొస్తూ గంటల తరబడి వెలుగుతుంది. ఎరుపుకు ఎక్కువగా వాడే యిట్రియం ఆక్సీసల్ఫైడ్‌కు అంత నిల్వ లేదు. పైగా మసక వెలుతురులో మన కంటికి ఎరుపు సరిగా ఆనదు.

అందుకే వెలుగు దాచే పొడి ఒక్కటే ఉండాలి. యూరోపియం, నియోడిమియం కలిపిన కాల్షియం అల్యూమినేట్ తీసుకోండి. అది 440 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలంగా వెలుగుతుంది. దానికి తెల్ల ఎల్ఈడీల్లో వాడే పసుపు పొడి, అంటే సీరియం కలిపిన యాగ్ (యిట్రియం అల్యూమినియం గార్నెట్), చేర్చండి. యాగ్ కొంత నీలాన్ని పీల్చుకుని పసుపు కాంతినిస్తుంది. మిగిలిన నీలం దాంతో కలిసి తెలుపవుతుంది. యాగ్‌కు సొంత నిల్వ లేదు కాబట్టి నీలం ఎంత తగ్గితే పసుపూ అంతే తగ్గుతుంది, రంగు తిరగదు.

10 గ్రాముల నీలం పొడికి 0.2, 0.5, 1 గ్రాము యాగ్‌తో మూడు బిళ్లలు పోసి చీకట్లో పక్కపక్కన పెట్టి చూడండి. మందం మారితే రంగూ మారుతుంది, కాబట్టి బిళ్లలను పట్టీ మందంలోనే పోయాలి. అడుగున తెల్ల పెయింటు వేయడం మరవొద్దు.

అసలు చిక్కు పోతపోసేటప్పుడు వస్తుంది. యాగ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 4.5 గ్రాములు, నీలం పొడిది 3. ఎపాక్సీ పల్చగా ఉంటే పసుపు ముందే అడుగుకు దిగి, పైన నీలం తేలుతుంది. చిక్కబడేదాకా కలిపి, అప్పుడు పోయండి. స్టీలు చెంచా వాడితే ఈ గట్టి పొడి లోహాన్ని గీకి మిశ్రమాన్ని బూడిదరంగుకు తెస్తుంది. కర్రపుల్ల వాడండి. పొడిని నూరకండి, వెలుగు తగ్గిపోతుంది. పైపూత లేని అల్యూమినేట్ తడికి పాడవుతుంది కాబట్టి నీళ్ల పెయింట్లలో కలపొద్దు.

ఆకుపచ్చకున్నంత ప్రకాశం దీనికి రాదు. రాత్రి గడిచేకొద్దీ ఏ రంగైనా కంటికి బూడిదగానే తోస్తుంది. మెట్ల మీద జారకుండా ఉండడమే ముఖ్యమైతే ఆకుపచ్చే మేలు.

ప్రశ్న: పసుపు ఎల్ఈడీ కింద గంట ఉంచినా నీలం పొడి సరిగా వెలగడం లేదెందుకు?

జవాబు: దానికి ఊదా, అతినీలలోహిత కాంతి కావాలి. పసుపు ఎల్ఈడీలో అవి దాదాపు ఉండవు. పది నిమిషాలు ఎండలో పెట్టండి, లేదా 365 నానోమీటర్ల టార్చి వేయండి. టార్చి వెలుగు కళ్లలో పడనీయకండి.