కోటీశ్వరులు సొంత డబ్బుతో మంచి పని చేస్తామంటే ఎందుకు అనుమానించాలి?

డబ్బు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. ఇచ్చేవాళ్ల చేతిలోనే దాని మీద చర్చ జరిగే వేదిక కూడా ఉంటేనే నాకు భయం. 2015లో అది మా ఇంట్లోనే చూశాను.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్.ఆర్గ్‌ను మన దేశంలో మొదలుపెట్టింది. తొలి విడత ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. డేటా ప్యాక్ లేకపోయినా కొన్ని సైట్లు తెరుచుకునేవి. ఫేస్‌బుక్ వచ్చేది, యూట్యూబ్ రాదు. తర్వాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది.

డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక చర్చాపత్రం పెట్టి, ఫోన్ కంపెనీలని ఒక్కో సైటుకి ఒక్కో రేటు పెట్టనివ్వాలా అన్న విషయం మీద నాలుగు ప్రశ్నలు అడిగింది. కొన్ని సైట్లే ఊరికే ఇచ్చే ఫ్రీ బేసిక్స్ కూడా అందులోకే వస్తుంది. ఎవరైనా జవాబు రాయొచ్చు. సరిగ్గా అప్పుడే మా బాబాయి ఫోన్లో ఫేస్‌బుక్ నుంచి ఒక నోటిఫికేషన్ వచ్చింది. నొక్కితే ట్రాయ్‌కి పంపాల్సిన ఉత్తరం ఇంగ్లీషులో సిద్ధంగా ఉంది. కింద పంపే బటన్. ట్రాయ్ అడిగిన ప్రశ్నలు అందులో లేవు, ‘నాకు ఇది వద్దు’ అని చెప్పడానికి చోటూ లేదు. బాబాయి నొక్కేశారు. "పేదవాళ్లకి నెట్ ఊరికే ఇస్తారంటరా, వద్దంటామా?" అన్నారు.

చర్చాపత్రంలో ఏముందో కూర్చోబెట్టి తెలుగులో చెప్పాను. ఆయన మిర్చి రైతు. "మరి ధరలు బాగా చెప్పే సైటు ఈ లిస్టులో లేకపోతే?" అని ఆయనే అడిగారు. అసలు ప్రశ్న అదే. ఫేస్‌బుక్ వాళ్లు పేజీ నిండా వేసిన పేపరు ప్రకటనల్లో నాకు అది ఎక్కడా కనబడలేదు.

ట్రాయ్‌కి వచ్చిన దాదాపు 24 లక్షల స్పందనల్లో 18 లక్షలకు పైగా ఫేస్‌బుక్ ద్వారా వెళ్లిన అచ్చు ఉత్తరాలే. నెట్ న్యూట్రాలిటీ, అంటే అన్ని సైట్లనీ ఒకేలా చూడాలని కోరినవాళ్లూ నమూనా జవాబులు పంచారు, నిజమే. కానీ అవి ట్రాయ్ ప్రశ్నలకి జవాబులు, పైగా వాళ్ల చేతిలో కోట్లమంది ఫోన్ల తెర లేదు. ప్రజల సలహాలు అడిగితే దాన్ని తలలు లెక్కపెట్టే ఓటింగ్‌లా మార్చారని ట్రాయ్ ఫేస్‌బుక్‌ను గట్టిగానే మందలించింది. 2016 ఫిబ్రవరి 8న అలాంటి రేట్లు నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకి 50 వేల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. ఆ రోజు ట్రాయ్ తలవంచనందుకు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇదంతా నడుస్తున్న ఆ డిసెంబరులోనే ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ దంపతులు తమ షేర్లలో 99 శాతం మంచి పనులకి ఇస్తామని ప్రకటించారు. అందుకు పెట్టింది మాత్రం ధర్మసంస్థ కాదు, ఎల్ఎల్‌సీ అనే ఒక రకం కంపెనీ. లాభాల కోసం పెట్టుబడి పెట్టడానికీ, చట్టాల విషయంలో లాబీయింగ్ చేయడానికీ దానికి వెసులుబాటు ఎక్కువ.

అమెరికాలో సంగతి ఇంకా చిక్కు. 2020 ఎన్నికల ఏర్పాట్లకి, కరోనా వేళ, అక్కడి పార్లమెంటు ఇచ్చింది 40 కోట్ల డాలర్లు. జుకర్‌బర్గ్ దంపతులు ఇచ్చింది కూడా ఇంచుమించు అంతే. మాస్కులకీ, పోలింగ్ సిబ్బందికీ ఆ డబ్బు నిజంగా అవసరమే. అయినా ఎన్నిక ముగిశాక అనుమానాలు ఆగలేదు, ఎన్నికలకి ప్రైవేటు డబ్బు తీసుకోకూడదని ఇరవైకి పైగా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ఆ ఏడాది ఎన్నికలకి అలా ఇచ్చే ఉద్దేశం లేదని 2024 ఆగస్టులో జుకర్‌బర్గ్ పార్లమెంటు కమిటీకి ఉత్తరం రాశారు. ఇవ్వాలన్నదీ, మానాలన్నదీ ఆయన ఒక్కరి నిర్ణయమే. ఓటర్లని ఎవరూ అడగలేదు.