దశలు బట్టీ పడితే క్లాసులో పనికొస్తాయా?

ప్రశ్న: టీచర్ ట్రైనింగ్ చేస్తున్నాను. ప్రాథమిక తరగతులకు చెప్పాలని కోరిక. శిశు వికాసం పేపర్‌లో దశలు, వయసులు బట్టీ పడుతున్నాను. రేపు పాఠం చెప్పేటప్పుడు ఇవి నిజంగా అక్కరకొస్తాయా?

జవాబు: తప్పకుండా వస్తాయి. అయితే దశల పేర్లుగా కాదు, పిల్లల తప్పుల్ని చదివే చూపుగా.

52లోంచి 27 తీసేయమంటే ఒక పిల్లవాడు 35 అని రాశాడనుకోండి. ఇంటూ పెట్టి 'జాగ్రత్తగా చెయ్యి' అనడం తేలిక. కానీ ఆ 35 ఎలా వచ్చిందో చూడండి. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశాడు. ఇది అజాగ్రత్త కాదు. వాడి దృష్టిలో 52 అంటే పక్కపక్కన ఉన్న రెండు అంకెలు, అంతే. ఆ 5 ఐదు పదులన్న సంగతి ఇంకా పట్టుబడలేదు. ఇది గమనించిన టీచర్ మర్నాడు అలాంటివే మరో పది లెక్కలు ఇవ్వరు. పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కట్టిస్తారు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి, ముందు ఏడు పుల్లలు తియ్యమంటారు. విడిగా ఉన్నవి రెండే, ఒక కట్ట విప్పక తప్పదు. అలా చేత్తో విప్పాక బొమ్మ గీయిస్తారు. అంకెలు ఆ తర్వాతే.

సుమారు ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు కంటికి కనిపించే, చేతికి అందే వాటి మీద బాగా ఆలోచిస్తారని, పిల్లల ఆలోచన ఎదిగే దశల్ని వివరించిన మనస్తత్వవేత్త పియాజే చెప్పింది ఇక్కడే పనికొస్తుంది. కట్ట విప్పేటప్పుడు టీచర్ ఎంత సాయం చేయాలి, ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్నదానికి మరో మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చెప్పింది కావాలి. ఒంటరిగా రాని పని కాస్త సాయంతో వస్తుందంటే, పాఠం పెట్టాల్సింది సరిగ్గా అక్కడే.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. ఆ వయసులు అంచనాలు మాత్రమే. అడిగే తీరు మారిస్తే, పియాజే అనుకున్నదానికన్నా చిన్న వయసులోనే పిల్లలు కొన్ని పనులు చేయగలరని తర్వాతి పరిశోధకులు చూపించారు. 'వీడికి ఆరేళ్లేగా, ఇది రాదులే' అని ముందే తేల్చేయడం పిల్లలకు చేసే అన్యాయం.

ప్రాక్టీస్ టీచింగ్‌లో ఇప్పటినుంచే ఒక అలవాటు చేసుకోండి. లెసన్ ప్లాన్‌లో ప్రతి యాక్టివిటీ పక్కన రెండు మాటలు రాయండి: ఈ పిల్లలకు ఇప్పటికే ఏం వచ్చు, ఎక్కడ తడబడొచ్చు. క్లాసయ్యాక నోటుబుక్కులు తెచ్చుకుని, తప్పు జవాబులు ఎలా వచ్చాయో ఊహించి రాయండి. మర్నాడు ఆ పిల్లల్నే 'ఇదెలా చేశావు నాన్నా?' అని అడిగి, మీ ఊహతో పోల్చి చూడండి. ఉద్యోగానికి డెమో క్లాసు ఇచ్చినప్పుడు, ఈ యాక్టివిటీయే ఎందుకు పెట్టారని అడిగితే దశ పేరు చెప్పి ఆగిపోకండి. ఈ నోట్సులోంచి ఒక పిల్లవాడి జవాబు చెప్పి, దాన్నిబట్టి మీరు పాఠంలో ఏం మార్చారో వివరించండి.