సందేహాలు – సమాధానాలు: గువో జింగ్ 'వాడు' నుంచి 'అతను' ఎప్పుడవుతాడు?

ప్రశ్న: నేను చైనా వూషియా నవలలు, అంటే యుద్ధవిద్యల వీరుల కథలు, ఇంగ్లీషులో చదువుతుంటానండీ. జిన్ యోంగ్ రాసిన 'ద లెజెండ్ ఆఫ్ ద కాండోర్ హీరోస్' కథని మా ఇంట్లో పిల్లల కోసం తెలుగులో రాసుకుంటున్నాను. హీరో గువో జింగ్ ఆరేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు 'వాడు' అని రాశాను, పద్దెనిమిదేళ్లు వచ్చాక 'అతను' అన్నాను. ఎక్కడ మార్చాలో తెలీక ఒకే పేజీలో రెండూ వచ్చేశాయి. ఇది తప్పా? ఇంకోటి, హువాంగ్ రోంగ్ అతన్ని 'జింగ్ గెగె' అని పిలుస్తుంది, గెగె అంటే అన్నయ్య అట. ప్రేమించిన అమ్మాయి చేత అన్నయ్యా అనిపించడానికి నాకు చెయ్యి రావట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఒకే పేజీలో 'వాడు', 'అతను' రెండూ రావడం వ్యాకరణం లెక్కలో తప్పు కాదండీ, ఎందుకంటే వాడు వచ్చాడు అన్నా అతను వచ్చాడు అన్నా క్రియ ఒకటే, 'ఆయన' దాకా వెళ్తే గానీ 'వచ్చారు' రాదు (అక్కడ కూడా కోస్తాలో ఆయన వచ్చాడు అనేవాళ్లు బోలెడుమంది, తెలంగాణలో ఆయన వచ్చిండు అంటారు). మరి చదువుతుంటే ఎందుకు గుచ్చుకుంటుందంటే, మన సర్వనామం ఎవరి గురించి మాట్లాడుతున్నామో చెప్పి ఊరుకోదు, కథ చెప్పే మనిషికి ఆ పాత్ర మీద ఎంత చనువుందో, ఎంత మర్యాద ఉందో కూడా చెప్పేస్తుంది. పేజీ మధ్యలో అది మారితే ఇప్పుడేమైందని మారింది అని చదివేవాళ్లు వెనక్కెళ్లి వెతుక్కుంటారు, అక్కడ ఏమీ కనపడదు, చిరాకొస్తుంది.

చైనీస్‌లో ఈ తంటా లేదు. 'తా' అనే ఒక్క మాటతో పసిపిల్లాడికీ చెంగిజ్ ఖాన్‌కీ సరిపెట్టొచ్చు. జిన్ యోంగ్ 1957 నుంచి 1959 దాకా హాంకాంగ్ పేపర్లో ఈ కథని సీరియల్‌గా రాసినన్నాళ్లూ హీరోని ఏమనాలి అన్న ప్రశ్నే ఆయనకి ఎదురవలేదు, ఇంగ్లీషులోకి మార్చినవాళ్లకీ ఎదురవలేదు. మీకు మాత్రం మొదటి పేజీలోనే ఎదురైంది. అందుకే మీ సందేహం నాకు చాలా నచ్చింది, ఇది తెలుగు లాంటి భాషల్లో రాసేవాళ్లకే వచ్చే సందేహం.

మీరు వయసుని బట్టి మార్చాలనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. కానీ 'వాడు' అనే మాటలో వయసు ఒక్కటే లేదండీ, హోదా కూడా ఉంది. మన పాత కథల్లో రాజుగారి పాతికేళ్ల కొడుకు 'అతడు', యాభై ఏళ్ల పాలేరు 'వాడు'. ఆ అలవాటు మన చేతిలో ఇంకా ఉంది, మనం గమనించకుండానే పని చేస్తుంటుంది.

మీ కథలో ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి. గువో జింగ్‌కి జోడీగా యాంగ్ కాంగ్ ఉన్నాడు కదా. ఇద్దరి తండ్రులూ నియూజియా అనే ఒకే ఊళ్లో ఉన్న స్నేహితులు, పిల్లలు కడుపులో ఉండగానే తావో సన్యాసి చ్యు చుజి ఇద్దరికీ పేర్లు పెట్టాడు. ఆ రెండు పేర్లు కలిపితే జింగ్‌కాంగ్, అంటే 1127లో ఉత్తరాన ఉన్న జిన్ రాజ్యం సైన్యం చైనా సోంగ్ వంశం రాజధానిని పట్టుకుని ఇద్దరు చక్రవర్తుల్ని బందీలుగా తీసుకుపోయిన కాలం పేరు. ఆ అవమానం మర్చిపోకూడదని పెట్టిన పేర్లవి. తర్వాత ఒకడు మంగోలియా గడ్డి మైదానంలో గొర్రెలు కాస్తూ పెరుగుతాడు, ఇంకొకడు జిన్ యువరాజు ఇంట్లో పట్టుబట్టలతో పెరుగుతాడు. మీరు రాసింది ఒకసారి తీసి చూసుకోండి, గొర్రెలు కాసేవాణ్ణి 'వాడు' అనీ, ప్యాలెస్‌లో ఉన్నవాణ్ణి మొదటి సీన్ నుంచే 'అతను' అనీ రాసి ఉంటారని నా అనుమానం. వయసులో ఇద్దరికీ తేడా కొద్ది నెలలే. కథ మొత్తం ఈ ఇద్దరిలో ఎవడు మనిషిగా నిలబడ్డాడు అని అడుగుతుంటే మన సర్వనామం ముందే డబ్బున్నవాడి పక్కన వెళ్లి కూర్చుంటే ఎలా? కాబట్టి నా మొదటి మాట ఇది, ఇద్దరికీ ఒకే కొలత పెట్టండి. పెద్దయిన గువో జింగ్ 'అతను' అయితే యాంగ్ కాంగ్ కూడా 'అతను'. చెడ్డపనులు చేశాడు కదా అని కోపం తెచ్చుకుని అతన్ని మళ్లీ 'వాడు'లోకి దించకండి.

ఇక ఎక్కడ మార్చాలి. చిన్నప్పటి భాగం 'వాడు'తోనే ఉండనివ్వండి, అది ముద్దు వాడు, అందులో చిన్నచూపు లేదు. ఆరేళ్లప్పుడు గాయపడిన విలుకాడు జెబెని దాచిపెట్టి, అతనెక్కడని చెంగిజ్ ఖాన్ పెద్దకొడుకు కొరడాతో కొడుతున్నా ఆ పిల్లాడు నోరు విప్పని సీన్ ఉంది చూడండి. 'నాకు తెలీదు' అనొచ్చు, అనడు, 'చెప్పను' అంటాడు. తెలీదనే అబద్ధం కూడా ఆడటం రాదు పాపం, చెప్పను అన్నాడంటే తెలుసన్నమాటేగా అని పెద్దవాళ్లకి వెంటనే అర్థమైపోతుంది. తెలుగులో ఆ ఒక్క ముక్క 'చెప్పను' ఎంత బాగా కూర్చుంటుందో. అక్కడ కథ చెప్పే గొంతు 'వాడు ఏడవలేదు' అంటేనే అమ్మ పక్కన నుంచుని చూస్తున్నట్టు ఉంటుంది, 'అతను ఏడవలేదు' అంటే పోలీసు రిపోర్టులా ఉంటుంది.

మార్చాల్సింది మంగోలియా వదిలి దక్షిణానికి బయల్దేరిన చోట. కొందరు బిచ్చగాళ్ల ముఠా నాయకుడు హోంగ్ చిగోంగ్ దగ్గర డ్రాగన్ల్ని అణిచే పద్దెనిమిది అరచేతి దెబ్బలు నేర్చుకున్నాక మార్చాలంటారేమో, నేను ఒప్పుకోను. విద్య వచ్చినంత మాత్రాన మనల్ని పిలిచే పిలుపు మారదు, మన గురించి తెలియనివాళ్ల మధ్యకి వెళ్లినప్పుడు మారుతుంది. పుట్టిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ల మధ్యే పెరిగిన కుర్రాడు జాంగ్‌జియాకౌ ఊళ్లో మొదటిసారి ఒంటరిగా హోటల్లోకి అడుగుపెడతాడు, ఖరీదైన కోటు, ఎర్ర గుర్రం, అక్కడి పనివాళ్లకి అతనెవరో తెలీదు, మర్యాద చేస్తారు. 'అతను' సహజంగా వచ్చే చోటు అదే.

ఎలా మార్చాలి అన్నదానికి తెలుగులో ఒక సుఖం ఉంది, కర్త లేకుండా వాక్యం నడిపేయొచ్చు. వెళ్తాడు, కూర్చున్నాడు అన్నామంటే ఎవరో తెలిసిపోతుంది. ఆ సుఖాన్ని వాడుకోండి. పాత అధ్యాయం చివర 'వాడు' ఆపేసి, కొత్త అధ్యాయం పేరుతో మొదలుపెట్టి, ఒక పేరా మొత్తం సర్వనామమే లేకుండా రాయండి. ఇదిగో ఇలా: 'గువో జింగ్ గుర్రం దిగాడు. చేతికి తోలు పట్టీ చుట్టుకుని కాసేపు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపల అందరూ తలొక మాటా మాట్లాడుతున్నారు. ఎవర్ని ఏం అడగాలో తెలీలేదు. మూల బల్ల దగ్గర కూర్చుని మాంసం, రొట్టె తెమ్మన్నాడు.' తర్వాతి పేరాలో 'అతను తింటుండగా బయట గొడవ వినిపించింది' అనండి. చదివేవాళ్లకి కుదుపు తెలీదు. పిల్లలకి చదివి వినిపించి చూడండి, ఎవరూ ఆపి అడగరు.

ఆ గొడవే హువాంగ్ రోంగ్. ఆమె మసి పూసుకుని అడుక్కునే కుర్రాడి వేషంలో వస్తుంది, చేతిలో బన్ను, వెంటపడి కొట్టబోతున్న హోటల్ పనివాళ్లు. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. పనివాళ్ల నోట్లో 'ఒరేయ్', 'వీడు', 'దొంగ వెధవ' అన్నీ రావచ్చు, రావాలి కూడా. కథ చెప్పే మీరు మాత్రం 'వాడు' అనకండి, 'ఆ కుర్రాడు' అనండి, 'కుర్రాడు నవ్వాడు' అని మగ క్రియే వాడండి, ఎందుకంటే గువో జింగ్‌కి నిజం తెలిసేదాకా మనకీ తెలియకూడదు. చైనీస్‌లో మాట్లాడేటప్పుడు అతను, ఆమె రెండూ 'తా'నే, క్రియలోనూ తేడా లేదు, కాబట్టి వాళ్లకి దాచడం తేలిక. మనకి ప్రతి క్రియ చివరా డు, ది తగులుకుంటుంది, ఒక్కచోట 'అన్నది' అని పడితే గుట్టు రట్టయిపోతుంది. గువో జింగ్ బన్ను డబ్బులు తను ఇస్తానంటాడు, ఆ కుర్రాడు దాన్ని కుక్కకి పడేస్తాడు, ఇతను కోప్పడకుండా భోజనానికి పిలుస్తాడు, ఆ కుర్రాడు ఊరు ఊరంతా ఆశ్చర్యపోయే వంటకాలు ఆర్డర్ చేస్తాడు, చివరికి కోటూ, బంగారమూ, గుర్రమూ అన్నీ ఆ కుర్రాడికే ఇచ్చేస్తాడు. మురికి బట్టలున్న మనిషిని గువో జింగ్ ఒక్కసారి కూడా ఒరేయ్ అనడు, 'తమ్ముడూ' అంటాడు. అతను పెద్దవాడయ్యాడని నాకు అక్కడే అనిపిస్తుంది. తర్వాత సరస్సు మీద పడవలో తెల్లబట్టల్లో ఆమె కనపడ్డప్పుడు మొదటిసారి 'ఆమె నవ్వింది' అని రాయండి. ఆ 'ది' కోసం అన్ని పేజీలు ఆగినందుకు ఫలితం ఉంటుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 'జింగ్ గెగె'ని 'జింగ్ అన్నయ్యా' అనొద్దు. మీకు చెయ్యి రాలేదంటే మీ తెలుగు సరిగ్గానే పని చేస్తోంది. మనకి వరసలు గట్టివి, అన్నయ్య అన్న నోటితో ప్రేమ అనలేం. వాళ్లకి గెగె అనేది వయసులో పెద్దయిన అబ్బాయిని చనువుగా పిలిచే పిలుపు కూడా. అలాగని 'జింగ్ బావా' కూడా వద్దు. బావ అంటే మనకి హక్కున్నట్టు లెక్క, ఆమె తండ్రి హువాంగ్ యావోషి ఆ అబ్బాయిని మొహం చూడగానే ఈ మొద్దు నా అల్లుడా అని అనుకునే మనిషి, కథంతా ఆ అల్లుడు కావడం గురించే కదా, బావా అనిపిస్తే ఆ కష్టమంతా పోతుంది. బావకి సరిగ్గా సరిపోయే చోటు జిన్ యోంగ్‌లోనే వేరే ఉంది, 'డెమీ గాడ్స్ అండ్ సెమీ డెవిల్స్'లో వాంగ్ యూయాన్ మురోంగ్ ఫూని 'బియావోగె' అంటుంది, అతను ఆమెకి మేనత్త కొడుకే, అక్కడ కళ్లు మూసుకుని 'బావా' అనేయొచ్చు. హువాంగ్ రోంగ్ దగ్గర మాత్రం 'జింగ్ గెగె' అనే ఉంచేయండి. పిల్లలకి రెండోసారి వినేసరికి అలవాటైపోతుంది.

అన్నయ్య అనే మాటని జో బోతోంగ్ కోసం దాచుకోండి. పీచ్ బ్లాసమ్ దీవిలో పదిహేనేళ్లుగా ఇరుక్కుపోయిన ఆ నెరిసిన గడ్డం ముసలాయన ఈ కుర్రాణ్ణి బలవంతపెట్టి మరీ అన్నదమ్ములుగా ఒట్టు పెట్టించుకుంటాడు. చ్యు చుజి లాంటివాళ్లకి ఆయన గురువుకి తమ్ముడి వరస, అంటే గువో జింగ్ ఇన్నాళ్లూ దణ్ణం పెట్టిన పెద్దలందరికీ ఒక్కరోజులో పెద్దయి కూర్చుంటాడు. వరసలు కలవక ఆ కుర్రాడు నలిగిపోతుంటాడు. ఆ నలుగుడు తెలుగువాళ్లకి వివరించక్కర్లేదు, 'అన్నయ్యా' అని నీళ్లు నములుతూ పిలిపించండి, చాలు.

గురువుల సంగతి మీరు అడగలేదు గానీ దీంతో ముడిపడి ఉంది కాబట్టి చెప్తున్నా. చిన్నప్పుడు యుద్ధవిద్య నేర్పిన జియాంగ్‌నాన్ ఏడుగురు గురువుల్నీ గువో జింగ్ చైనీస్‌లో వరస నంబరుతోనే పిలుస్తాడు, పెద్ద గురువు, రెండో గురువు అని. మనం పెదనాన్న, నడిపి బాబాయి, చిన్న బాబాయి అనుకునేవాళ్లమే కాబట్టి 'పెద్ద గురువుగారూ', 'రెండో గురువుగారూ' హాయిగా నడుస్తాయి, 'మీరు' తప్పనిసరి. వాళ్లు అతన్ని 'నువ్వు' అనాలి, కోపమొస్తే 'ఒరేయ్' అనాలి. వాళ్ల నోట్లో, తల్లి లీ పింగ్ నోట్లో అతనెప్పుడూ వాడే, మనింట్లో నలభై ఏళ్ల కొడుకుని 'మావాడు' అన్నట్టే. మీరు చెప్పే కథనంలో 'అతను' వచ్చిందని వాళ్ల మాటల్లో మార్చేయకండి. హోంగ్ చిగోంగ్ మొదట్లో శిష్యుడిగా ఒప్పుకోడు, తిండి మీద ఆశతో విద్య నేర్పుతాడు అంతే, కాబట్టి అప్పటిదాకా ఆయన 'పెద్దాయన', ఒప్పుకున్న తర్వాతే 'గురువుగారు'.

ఒక చోట మాత్రం సర్వనామాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్తాను. తల్లి చచ్చిపోయాక గువో జింగ్ ఈ విద్య వల్ల ఎవరికి మేలు జరిగింది, నేర్చుకోకుండా ఉంటే బాగుండేది కదా అని తిరుగుతుంటాడు, నేర్చుకున్నది మర్చిపోదామని కూడా చూస్తాడు. హువాషాన్ కొండ మీద హోంగ్ చిగోంగ్, నేను నా జీవితంలో 231 మందిని చంపాను, వాళ్లంతా దుర్మార్గులే, ఒక్క మంచివాణ్ణి కూడా చంపలేదు అని చెప్పినప్పుడు గానీ అతని మనసు తేలికపడదు. అది నిజంగా పెద్దవాడైన క్షణం, ఒప్పుకుంటాను, కానీ లోపల జరిగింది చెప్పడానికి మన సర్వనామాలు పనికిరావు, అవి బయట లోకం ఇచ్చే మర్యాదనే కొలుస్తాయి. అక్కడ 'అతను' అలాగే ఉంచి ఆలోచనలని పూర్తిగా రాయండి.

'ఆయన' రావాల్సింది తర్వాతి నవలలో. అక్కడ కథ యాంగ్ కాంగ్ కొడుకు యాంగ్ గువో కళ్లతో నడుస్తుంది, గువో జింగ్ షియాంగ్‌యాంగ్ కోటని కాపాడుతున్న నడివయసు మనిషి. ఇంగ్లీషులో 'అంకుల్ గువో' అంటారు గానీ చైనీస్‌లో ఉన్నది 'బోబో', అంటే తండ్రికి అన్న వరస. తెలుగులో దానికి దిద్దినట్టు సరిపోయే మాట 'పెదనాన్న', ఎందుకంటే తండ్రులు చనిపోయినా ఆ ఇద్దరు కొడుకులూ ఒట్టు పెట్టుకుని అన్నదమ్ములయ్యారు, గువో జింగే పెద్ద. మీరు అంతదాకా రాస్తే 'పెదనాన్న వచ్చారు' అనే రాయండి, ఆ కుర్రాడికి ఆయన మీద కోపం వచ్చిన సీన్లలో కూడా.