గోడౌన్‌లో మా అమ్మాయికేం పని?

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీలో హోల్‌సేల్ కిరాణా. 2009 వరదలో సరుకంతా పోతే అప్పు తెచ్చి మళ్లీ నిలబెట్టుకున్నాం. మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం. ఎంబీఏలో లాజిస్టిక్స్, సప్లై చైన్ చదువుతానంటోంది. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు రెండేళ్లకు 11 లక్షలు అడుగుతున్నారు. అది మేలా, ఇక్కడే మామూలు ఎంబీఏ చేయించడం మేలా? లారీలు, హమాలీల మధ్య ఆడపిల్ల ఉద్యోగం చేయగలదా? సెలవుల్లో అంగట్లో కూర్చోమంటే బిస్కెట్ల అట్టపెట్టెల మీద మార్కర్‌తో తేదీలు రాస్తూ ఉంటుంది. అంతవరకే తనకు తెలిసిన వ్యాపారం. – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: అన్నా, మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్లో ఉంది. మీరేమో దాన్ని తేలిగ్గా రాసేశారు. ఆ తేదీలు ఎందుకంటే, గడువు దగ్గరపడిన పెట్టె ముందు వరుసలో, కొత్తగా దిగింది వెనక వరుసలో ఉండాలని. నెల పెద్ద అంకెల్లో రాసి, ఆ వైపు బయటికి తిప్పి పెట్టడం. పెద్ద గోడౌన్లలో ఈ పద్ధతిని ‘ఫెఫో’ అంటారు. ముందు గడువు తీరేది ముందు బయటికి పోవాలి, అంతే. ఎంబీఏలో దీని మీద పాఠం ఉంటుంది. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే చేస్తోంది. గడువు దాటిన పెట్టెల డబ్బు మన ఖాతాలో తిరిగి జమ చేస్తామనే కాగితం, అదే క్రెడిట్ నోట్, రాబట్టడానికి కంపెనీ వాళ్లకు ఎన్ని ఫోన్లు చేయాలో మీకు తెలుసు కాబట్టి, ఆ మార్కర్ ఖరీదు నేను చెప్పక్కర్లేదు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఆదోని నుంచైతే పత్తి వ్యాపారి అడుగుతాడు, ప్రొద్దుటూరు నుంచి బట్టల వ్యాపారి, అనంతపురం నుంచి చీనీ కాయల మండీ ఆయన. అడిగేది గోడౌన్ గురించి, భయం మాత్రం సొంత అంగడి గురించి. బురద ఎత్తిపోసి మళ్లీ తెరిచిన అంగడిని నా తర్వాత ఎవరు చూస్తారు? ఈ మాట మీ అమ్మాయితో ఒక్కసారైనా అన్నారా? అనలేదనే నా అనుమానం. కోపం తెచ్చుకోవద్దు, అబ్బాయి అయ్యుంటే పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టేవారు. ఆడపిల్ల కాబట్టి ‘తేదీలు రాస్తూ ఉంటుంది’ అన్నారు. హమాలీల మధ్య ఎలా అంటున్నారు గానీ, చిన్నప్పటి నుంచి ఆమె కళ్లముందు మూటలు దించుతున్నది ఎవరు? ఆమెను పేరు పెట్టి పలకరించే మనుషులే కదా.

సరుకు తయారైన చోటు నుంచి కొనేవాడి చేతికి చేరేదాకా నడిపించే లెక్కే ఈ సప్లై చైన్. సబ్జెక్టు మంచిదే. దాన్ని అమ్ముతున్న తీరు మీదే నాకు అనుమానం. 2017 జులైలో జీఎస్టీ వచ్చేదాకా రాష్ట్రం దాటించి అమ్మితే సీఎస్టీ అనే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. అందుకని కంపెనీలు రాష్ట్రానికో గోడౌన్ పెట్టుకునేవి. ఆ అవసరం పోయాక చిన్నవాటిని కలిపేసి పెద్దవి కట్టారు. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్, బెంగళూరు చుట్టూ హొస్కోటె, నెలమంగల వైపు ఇప్పుడు ఆ షెడ్లే. ఆన్‌లైన్ అమ్మకాలు తోడయ్యాయి. మనుషులు కావాలి, నిజమే. అయితే 44వ నంబరు హైవే మన ఊరి మీదుగానే పోతున్నా, ఆ లారీలు ఇక్కడ దించేది తక్కువ. మన దగ్గర్లోని ఓర్వకల్లు పారిశ్రామిక వాడకు 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది. సంతోషం. ఇంకా కట్టని ఫ్యాక్టరీలను నమ్ముకుని ఇప్పుడు ఫీజు కట్టకండి.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే లోన్ తీసుకుని సప్లై చైన్ ఎంబీఏ చేశాడు. బ్రోచర్‌లో ఏఐ, బ్లాక్‌చెయిన్, డ్రోన్లు అన్నీ ఉన్నాయి. దొరికిన ఉద్యోగం ఆన్‌లైన్ ఆర్డర్లు ప్యాక్ చేసి పంపే ఒక ఫుల్‌ఫిల్‌మెంట్ సెంటర్‌లో రాత్రి షిఫ్టు, హోదా ఎగ్జిక్యూటివ్. అతని టీమ్ లీడర్ ఎవరనుకున్నారు? ఇరవై ఏళ్లకే చేరి, స్కానర్ పట్టుకుని పని నేర్చుకున్న బీకాం పిల్లాడు. ఇద్దరి జీతాల మధ్య తేడా అడిగితే మన ఎంబీఏ కుర్రాడు తల దించుకున్నాడు. పేరున్న కాలేజీ అయితే కథ వేరు, కంపెనీలు వాటి గుమ్మం ముందుకే వస్తాయి. పేరు లేని చోట స్పెషలైజేషన్‌కి మొదటి ఉద్యోగంలో పెద్దగా విలువ ఉండదు. అనుభవం మీద చేరితే అదే చదువు పది రెట్లు తలకెక్కుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. కోర్సులో ‘డిమాండ్ ఫోర్‌కాస్టింగ్’ ఉంటుంది, అంటే వచ్చే నెల ఏది ఎంత పోతుందో లెక్కగట్టడం. నిరుడు ఇదే నెల అమ్మకం చూసి కంప్యూటర్ ఈ ఏడు అంకె చెప్పిందనుకోండి. ఖర్జూరం, సేమియా విషయంలో బోర్లా పడుతుంది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా. అధిక మాసం వచ్చిపోయాక వచ్చే ఉగాది ఆలస్యమవుతుంది, బెల్లం లెక్క తప్పుతుంది. పాతబస్తీలో కూర్చున్న మీకు ఇది నోటి లెక్క. మీ అమ్మాయికి సగం తెలుసు. మిగతా సగం మీరు నేర్పాలి.

మీరు అడిగిన పోలికకు నా జవాబు చిన్నదే. 11 లక్షలు అప్పు చేసి ఇప్పుడే కట్టొద్దు. ఐసెట్‌తో రాయలసీమ యూనివర్సిటీలోనో, అనంతపురం ఎస్కే యూనివర్సిటీలోనో చేరితే ఖర్చు తక్కువ, కానీ ఈ రంగానికి కావలసిన పని అనుభవం తనంతట తనే వెతుక్కోవాలి. నేనైతే మొదట ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేయమంటాను. ఆ తర్వాత క్యాట్ రాసి ఐఐఎం ముంబై లాంటివాటికి ప్రయత్నించవచ్చు. 2023 దాకా నిటీ అని పిలిచిన సంస్థ అదే, ఈ సబ్జెక్టుకు ఎప్పటి నుంచో పేరున్న చోటు. వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయం రైల్వే శాఖ కింద నడుస్తుంది, అదీ చూడండి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంబీఏలు ఓడలు, పోర్టుల వైపు పోతాయి. కిరాణా సరుకు మీద మనసున్న పిల్లకు అంత దూరం అక్కర్లేదు.

బెంగళూరే కావాలని పట్టుబడితే, ఆ యూనివర్సిటీని ఒక్కటే అడగండి: నిరుడు ఈ స్పెషలైజేషన్‌లో పాసైన పదిమందితో మమ్మల్ని ఫోన్లో మాట్లాడనిస్తారా? నీళ్లు నమిలితే తిరుగు బస్సెక్కండి.

రాత్రి షిఫ్టులు ఉంటాయి, దాచను. స్టాక్ ప్లానింగ్, కొనుగోళ్లు, ఇన్వెంటరీ లెక్కలు మాత్రం ఎక్కువగా పగలు, కంప్యూటర్ ముందు జరిగే పనులు. మీ అమ్మాయి చేతి రాత చూస్తే ఆ వైపే పోయేలా ఉంది. టెన్షన్ పడకండి, దారి తప్పిన పిల్ల కాదు.

వచ్చే ఆదివారం అంగడి మూశాక ఒక పని చేయండి. గత ఏడాది గడువు దాటి పారేసిన సరుకు ఎన్ని పెట్టెలు, ఎంత డబ్బు, ఎంత క్రెడిట్ వచ్చిందో పాత బిల్లుల నుంచి ఆమెనే లెక్క తీయమనండి. మీరు పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి, మధ్యలో మాట్లాడొద్దు. అంకె తేలాక ఇద్దరూ కలిసి నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం ఆమె చేత రాయించండి.