చుక్క దొరికిందని తొందరపడొద్దు పాపా

పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ సంతోషం విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ బడి జట్టుకు వచ్చిన ఆకాశం ఫొటోల్లో కదిలే చుక్క కనబడిందని, అది గ్రహశకలమేనని, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న రాతిముక్కేనని, దానికి జేజి పేరు పెడతానని అన్నావు. నాకూ అదే ఆశ. కానీ దానికి ఏళ్లు పడుతుంది, ఇప్పుడే చెబుతున్నా.

ముందు ఆ చుక్కను అనుమానించు. ఒకే చోటును నిమిషాల తేడాతో తీసిన నాలుగు ఫొటోలు అవి. వాటిల్లో నక్షత్రాలు కదలవు, గ్రహశకలం జరుగుతుంది. నాలుగింటిలోనూ ఒకే గీత మీద, ఇంచుమించు ఒకే వెలుగుతో, గడిచిన సమయానికి తగినంత దూరమే జరగాలి. అంగారకుడికీ గురుడికీ నడుమ మెయిన్ బెల్ట్ అనే గ్రహశకలాల పట్టీలో తిరిగేది, ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్న రోజుల్లో, రోజంతా కలిపి చంద్రబింబంలో సగం వెడల్పు జరుగుతుంది. పది నిమిషాల్లో ఎంత జరుగుతుందో నువ్వే లెక్క వేసుకో. మొదటిసారి పిల్లలతో కూర్చున్నప్పుడు ఆత్రంలో నేను కెమెరా మచ్చను గ్రహశకలమని గుర్తుపెట్టి పంపించాను. వాళ్ల ముఖాలు చిన్నబోయిన ఆ రోజు నేను మర్చిపోలేదు.

చుక్క నిజమైనదే అనుకుందాం. అయినా చూసినంత మాత్రాన అది దొరికినట్టు కాదు. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో పియాజ్జి అనే ఖగోళ శాస్త్రవేత్త సెరెస్‌ను చూశాడు, ఈ రకంలో మొట్టమొదట కనబడింది అదే. ఫిబ్రవరి 11 దాకా వెంటాడాడు, ఆ తర్వాత జబ్బుపడ్డాడు. ఈలోగా సెరెస్ సూర్యుడి వెలుగులోకి పోయింది. మళ్లీ ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు గౌస్ అనే 24 ఏళ్ల జర్మన్ గణిత శాస్త్రవేత్త, పియాజ్జి రాసిపెట్టిన ఆ కొద్ది కొలతలతోనే దాని దారి లెక్కగట్టాడు. ఆ ఏడాది చివరికి, అతను చెప్పినచోటికి దగ్గర్లోనే సెరెస్ మళ్లీ కనబడింది. ఆ కొలతలు సరిగ్గా లేకపోతే గౌస్ మాత్రం ఏం చేయగలడు? అందుకే సమయం, స్థానం ఒకటికి రెండుసార్లు సరిచూసి పంపు. నాకు తెలిసి ఈ పనిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

కొలతలు సరిపోతే గ్రహశకలాల కొలతలన్నీ చేరే మైనర్ ప్లానెట్ సెంటర్ అనే సంస్థ దానికి తాత్కాలిక గుర్తు ఇస్తుంది. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో రాజమోహన్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1988 ఫిబ్రవరి 17న కనుక్కున్నదానికి '1988 డిక్యూ1' అని ఇచ్చారు. డి అంటే ఫిబ్రవరి రెండో సగం. కొన్నేళ్లు, మళ్లీ మళ్లీ చూసి దారి ఖాయమయ్యాకే శాశ్వత సంఖ్య వస్తుంది. రాజమోహన్ కనుక్కున్నదాని సంఖ్య 4130, పేరు రామానుజన్.

సంఖ్య వచ్చాక పేరు సూచించడానికి కనుక్కున్నవాళ్లకు పదేళ్ల గడువు ఉంటుంది. ఇంగ్లీషులో 16 అక్షరాలు దాటకూడదు, ఒకే మాటైతే మేలు. జేజి పేరుకు ఇంటిపేరు తగిలించొద్దు, దాటిపోతుంది. రాజకీయ నాయకుల పేర్లయితే వాళ్లు పోయి వందేళ్లు కావాలి. పియాజ్జి సెరెస్‌కు తన రాజు ఫెర్డినాండ్ పేరు కూడా తగిలించాడు, అది నిలవలేదు. డబ్బు కడితే పేరు రాయించి సర్టిఫికెట్ ఇస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు పాపా. ఈ పేర్లు అమ్మకానికి లేవు.

మనది దూరపు పని అని బెంగపడొద్దు. 1861లో పోగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త 'ఏషియా' అనే గ్రహశకలాన్ని కనుక్కున్నది మద్రాసులో. అప్పుడు మన కడప కూడా మద్రాసు కిందే ఉండేది.

పేరుతోపాటు ఆ మనిషి గురించి రెండు మూడు వాక్యాలు కూడా పంపాలి. అవి ఇప్పుడే రాసిపెట్టుకో. జేజి శనక్కాయల కల్లంలో మంచం వేసుకుని, పిల్లలకోడిని, అంటే కృత్తిక చుక్కల గుంపును చూసి పొద్దు ఎంతైందో చెప్పేది, వేగుచుక్క పొడిచిందని మమ్మల్ని లేపేది. మిగతావి మీ నాయనను అడుగు, నాకంటే వాడికే ఎక్కువ గుర్తున్నాయి.

మీ పెద్దనాయన
జమ్మలమడుగు